కాలేయం జబ్బూ, తొలి కాన్పు బేరమూ

నేను దవాఖానకు పోయింది కన్ను చూపించుకోవడానికి. కుడి కంట్లో పొర పెరిగి, మోత్కూర్‌లోని మా చీరల దుకాణంలో రంగులు నా మాట వినడం మానేశాయి. నేరేడు రంగు చీరను నల్లదని పక్కన పెట్టేదాన్ని, నల్లదాన్ని ముదురు నీలమని పొగిడేదాన్ని. ఒకావిడ అలా పొగిడిన చీరను వాకిట్లోకి తీసుకుపోయి, వెలుతురుకు పట్టి చూసి, "గిది నీలమైతె నేను సినిమా హీరోయిన్‌నక్కా" అని నా ఒళ్ళో పడేసి పోయింది. ఆ సాయంత్రమే మా ఆయన నల్లగొండలో కంటి ఆపరేషన్‌కు నా పేరు రాయించాడు.

ఆపరేషన్‌కు ముందు రక్తం తీశారు. మర్నాడు ఫోన్ వచ్చింది. అవతల ఎవరో అమ్మాయి, చాలా మర్యాదగా మాట్లాడింది.

"అమ్మా, మీ రక్తంలో హెపటైటిస్ సి అని వచ్చింది. కాలేయానికి పట్టే వైరస్. ముందు దానికి డాక్టర్‌ను కలవండి. కన్ను తర్వాత చేద్దాం."

"సి నా? ఏ, బీ లేవా బిడ్డా?" అన్నాను.

అలవాటు. ఎదుటివాళ్ళు ఏది చూపించినా ఇంకో రకం ఉందా అని అడగడం. ఆ అమ్మాయి "అవి రాలేదమ్మా, ఇదొక్కటే" అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

నేను పుట్టింది ఆలేరులో, స్టేషన్ దగ్గరి బజారులో. మా బాపుది బట్టల దుకాణం. పక్కన మేనమామ కిరాణం, ఎదురుగా పెదనాయిన ఇత్తడి సామాను. మా ఇళ్ళల్లో పిల్లలకు నడక కంటే ముందు అబ్బే విద్య ఒకటుంది. మొదట చెప్పిన మాట అసలు మాట కాదు, మాటలు మొదలుపెట్టడానికి చెప్పేది. అన్నం ఇంకొంచెం పెట్టనా అంటే "వద్దు" అంటాం. రెండోసారి అడిగితే "కొంచెం" అంటాం. మూడోసారికి గిన్నెనే దగ్గరికి జరుపుకుంటాం. పెండ్లిచూపుల్లో నా ఇష్టం అడిగితే "ఆలోచించి చెప్త" అన్నాను. మా ఆయన గడప దాటి లోపలికి వచ్చినప్పుడే నాకు నచ్చాడు. ఆ సంగతి ఆయనకు ఇప్పటికీ తెలియదు. తెలిస్తే ఇంట్లో ఆయన ధర పెరుగుతుంది.

కాబట్టి కంటి దవాఖానవాళ్ళ రిపోర్టును నేను వాళ్ళ మొదటి మాటగానే తీసుకున్నాను. బస్సెక్కి ఆలేరు పోయి, మా పాత బజారులోనే ఉన్న ల్యాబులో కూర్చున్నాను. ల్యాబు నడిపేవాడు చిన్నప్పటి నుంచి నాకు తెలిసినవాడు.

"నాయినా, వాళ్ళు తొందర తొందరల చూసిండ్రు. నువ్వు జర మంచిగ చూడు."

"చూస్త పెద్దమ్మా. చూసుడు నా పని. ఉందా లేదా అన్నది రక్తం చెప్తది."

రక్తం అదే చెప్పింది.

"జర తక్కువ జేసి రాయరాదురా?"

"పాజిటివ్‌ల తక్కువ, ఎక్కువ ఉండదు పెద్దమ్మా."

ఇద్దరు వేర్వేరు దుకాణాలవాళ్ళు, ఒకరి ముఖం ఒకరు ఎరగనివాళ్ళు, ఒకే మాట మీద నిలబడడం నేను బజారులో ఎన్నడూ చూడలేదు. ల్యాబు మెట్లు దిగి, బస్సు దాకా ఆ కాగితాన్ని మడతల మీద మడతలు పెట్టుకుంటూ పోయాను.

ఆ తర్వాత నల్లగొండ సర్కారు దవాఖాన. డాక్టరమ్మ మా బిడ్డ కంటే నాలుగైదేండ్లు పెద్దదై ఉంటుంది, అంతే. రిపోర్టులు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, రెండోది ఎందుకు చేయించారని అడిగింది. నేను చెప్పలేదు. ఆమెకు అర్థమైనట్టే ఉంది.

"ఎప్పుడైనా రక్తం ఎక్కించుకున్నారా అమ్మా?"

ఎక్కించుకున్నాను. నా బిడ్డ పుట్టిన రోజున. కాన్పు మోత్కూర్‌లోనే అయింది, బిడ్డ బాగానే ఏడ్చింది, నా రక్తం మాత్రం ఆగలేదు. ఎవరిదో జీపు అడిగి, వెనక సీటులో పడుకోబెట్టి నల్లగొండకు తీసుకొచ్చారు. అక్కడ ఎవరి రక్తమో ఎక్కించారు. బిడ్డ అప్పటికే పుట్టి ఉంది కాబట్టి దానికి నా నుంచి రావడమన్నది లేదని డాక్టరమ్మ ముందుగా ఆ మాట తేల్చింది. "ఆ రోజుల్లో రక్తంలో ఈ వైరస్ ఉందా లేదా అని అన్ని చోట్లా చూసేవాళ్ళు కాదు. అదే కారణం కావచ్చు. కచ్చితంగా చెప్పలేం" అంది.

ఆ రక్తం ఇచ్చినవాళ్ళు ఎవరో నాకు తెలియదు. తిట్టాలని నోరు తెరిచాను గాని రాలేదు. వాళ్ళ పుణ్యాన ఇన్నేండ్లు చీరలు అమ్ముకున్నాను మరి.

"ఇప్పుడు ఇంకో పరీక్ష చేయాలి" అంది డాక్టరమ్మ. "వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని ఈ రిపోర్టు చెప్తుంది. ఇప్పుడు ఉందా లేదా అన్నది ఆ పరీక్షలో తేలుతుంది. కొందరికి దానంతట అదే పోతుంది."

"గా మాట ముందే చెప్పరాదు మేడం!"

నా ముఖం వెలిగిపోయింది. తగ్గింపు ఉందన్నమాట.

"ఉంటే మాత్రం మూడు నెలలు గోలీలు వేసుకోవాలి. సర్కారే ఇస్తుంది. చాలామందికి పూర్తిగా పోతుంది."

ఇక్కడ నాకు అనుమానం వచ్చింది. ఊరికే ఇస్తారట, మంచి సరుకట, రోగం పూర్తిగా పోతుందట. మా బజారులో ఇలా మాట్లాడేవాళ్ళ కోసం పోలీసులు తిరుగుతుంటారు. లోపం ఎక్కడుందో తెలియనప్పుడు చేసే పని ఒకటే, బేరం మొదలుపెట్టడం.

"మూడు నెలలా? రెండు నెలలు జేయుండ్రి మేడం. పాత గిరాకి అనుకోండ్రి."

"మీరు రావడం ఇదే మొదటిసారి కదమ్మా?"

"గిరాకి పాతగ గావాల్నంటె యాడనో ఓ కాడ మొదలువెట్టాలె గద."

నవ్వింది. కాని మూడు నెలలు మూడు నెలలే. తర్వాత కల్లు దగ్గరికి వచ్చాం.

"కల్లు, బీరు, సారా, ఏదీ ముట్టొద్దు."

"కల్లు గూడనా? అది చెట్టు నుంచి వచ్చేది మేడం."

"చెట్టు నుంచి వచ్చినా వద్దు."

"దసరాకు?"

"దసరాకు కూడా. ఇంకో మాట. పసర్లు, ఆకుమందులు అసలే వద్దు. ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా సరే. కొన్ని కాలేయాన్ని ఉన్నదానికంటే పాడు చేస్తాయి."

నేను అడగాలనుకున్న అసలు మాట ఇంకా నా దగ్గరే ఉంది. బేరంలో అసలు మాట చివర తీయాలి కాబట్టి అప్పటిదాకా దాచాను. మా బిడ్డకు ఏడో నెల నడుస్తోంది. తొమ్మిదో నెల పడగానే తొలి కాన్పుకు తల్లిగారింటికి, అంటే మా ఇంటికి తెచ్చుకోవాలి. ఒంట్లో ఈ రోగం పెట్టుకుని దాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చునా?

"తెచ్చుకోండి. వండిపెట్టండి, మనవడో మనవరాలో పుడితే ఎత్తుకోండి, ముద్దు పెట్టుకోండి. కలిసి తింటే రాదు, ముట్టుకుంటే రాదు. మీ రక్తం ఇంకొకరి రక్తంలో కలవకూడదు, అంతే. మీ బ్రష్, గోళ్ళ కత్తెర వేరుగా పెట్టుకోండి."

దానికి మాత్రం నేను ఎదురు బేరమాడలేదు. మాట మారేలోపే లేచి వచ్చేశాను.

మా ఆయనకు కూడా పరీక్ష చేశారు. ఏమీ లేదని తేలింది. "నాకేం లేదంట" అని పదో తరగతి పాసైన పిల్లవాడిలా వచ్చి చెప్పి, నా ముఖం చూసి, తప్పు చేసినట్టు గల్లాపెట్టె వెనక్కి పోయి కూర్చున్నాడు. దుకాణంలోనే మాట తక్కువ మనిషి. ఇంట్లో ఇంకా తక్కువ. డాక్టరమ్మ అవసరం లేదని చెప్పినా నేను నా పళ్ళెం, గ్లాసు విడిగా కిటికీలో పెట్టుకున్నాను. రెండు రోజులు ఊరుకున్నాడు. మూడో రోజు ఆ పళ్ళెం తీసి, అందులో అన్నం పెట్టుకుని తినడం మొదలుపెట్టాడు.

"ఏందయ్యా గిది?"

"కడిగినవు గద?"

"కడిగిన."

"ఇగేంది మరి. కూర వెయ్యి."

నా రెండో పరీక్ష ఫలితం వచ్చింది. వైరస్ పోలేదు, ఉంది. లెక్క లక్షల్లో ఉందన్నారు. "దుకాణంల కండ్లజూడని లక్షలు నీ ఒంట్ల జేరినయ్" అన్నాడు మా ఆయన. పెండ్లయ్యాక ఆయన వేసిన జోకులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఇది మంచిదే. నవ్వుకున్నాం. తర్వాత ఆయన లేచి, ఏ పనీ లేకపోయినా మడత పెట్టిన చీరలన్నీ విప్పి మళ్ళీ మడతపెట్టాడు.

కాలేయం ఎంత పాడైందో స్కాన్ చేసి చూడాలి, ఆ మీద గోలీలు తెప్పించాలి, అప్పటిదాకా ఉండండి, ఫోన్ చేస్తాం అన్నారు. ఉండడం నాకు చేతకాని పని. దుకాణంలో గిరాకి రాకపోతే కనీసం గడపలో నిలబడి, పోయేవాళ్ళను "అక్కా, కొత్త మాల్ వచ్చింది, చూసి పో" అని పిలవొచ్చు. ఇక్కడ పిలవడానికి ఎవరూ లేరు. ఒంట్లో ఎక్కడ చిటుక్కుమన్నా కాలేయమే అనుకున్నాను. వారం రోజులు పొద్దున్నే లేచి డొక్కలో నొక్కి చూసుకుని, ఇవాళ జర మెత్తగుంది, ఇవాళ జర గట్టిగుంది అని మా ఆయనకు చెప్పాను. కాలేయం ఉండేది కుడి పక్కన అని, నేను నొక్కుతున్నది ఎడమ పక్క అని చివరికి మా బిడ్డ ఫోన్‌లో చెప్పింది.

మా బిడ్డ ఉండేది మహబూబ్‌నగర్‌లో, వాళ్ళ మాటలో చెప్తే పాలమూర్ల, అత్తగారింట్లో. దాని అత్తగారివాళ్ళు తరాల నుంచి గొర్రెల మందలు ఉన్నవాళ్ళు. మేము మగ్గాల మీద నుంచి దుకాణంలోకి వచ్చినవాళ్ళం. పిల్లలిద్దరూ చదువుకునేటప్పుడే ఒకరినొకరు ఖాయం చేసుకుని, మాకు పెండ్లి పత్రికలు అచ్చువేయించే పని మిగిల్చారు. అక్కడ ఇల్లు నడిపేది, మందను నడిపేది, గొర్రెలు కొననీకి వచ్చినవాళ్ళతో మాట్లాడేది మా వియ్యపురాలే. మేమిద్దరం ఒకరినొకరు వదినా అనుకుంటాం. పెండ్లిలో పెట్టుపోతల దగ్గర ఇద్దరం చెరో పూట మాట్లాడుకున్నాక, మా ఇద్దరి మధ్య నిలబడ్డ పంతులుగారు మంచినీళ్ళు అడిగారు.

ఆ ఫోన్ నేను రోగం సంగతి బిడ్డకు మెల్లగా చెప్దామని చేసిందే. విన్నది. నెల తప్పిన మొదట్లోనే దానికి అన్ని పరీక్షలతో పాటు ఇదీ చేశారట, ఏమీ లేదట. "నాకేం గాదు గని నీ సంగతి జెప్పమ్మా, గోలీలు ఎప్పుడిస్తరంట?" అని అడుగుతుండగానే మధ్యలో ఇంకో గొంతు లేచింది.

"వదినా! కామెర్లు ముదిరి కార్జానికి దిగినయా ఏంది?"

మా బిడ్డ ఫోన్‌ను స్పీకర్ మీద పెట్టి, అత్తాకోడండ్లిద్దరూ చాటలో బియ్యం ఏరుతున్నారు. గొర్రెలవాళ్ళకు కాలేయమంటే కార్జమే మరి. ఆమె ఎన్ని గొర్రెల కార్జాలు చూసిందో నాకు తెలియదు గాని, నాది మాత్రం చూడకుండానే తేల్చేసింది.

"గిది కామెర్లు గాదు వదినా..."

"ఏదైతేంది. నీకు మంచిగయ్యేదాక పిల్ల ఈడనే ఉంటది. పాలమూర్ల దవాఖానలు లేవా?"

"తొలి కాన్పు తల్లిగారింట్ల గాకుంటె నలుగురేమంటరు వదినా?"

"ఏమన్న అననియ్. ఆ నలుగురికి కార్జం మంచిగనే ఉంది గద."

గంటసేపు మాట్లాడాను. చివరికి ఆమె ఒక మెట్టు దిగింది. వాళ్ళ ఊళ్ళో పసరు పోసే పెద్దాయన ఉన్నాడు. కామెర్లు వచ్చిన వాళ్ళందరూ ఆయన దగ్గరికే పోతారు. ఆదివారం పరగడుపున పసరు, ఆ మీద చప్పిడి తిండి. నేను వచ్చి అది తాగితే, తొమ్మిదో నెల పడగానే పిల్లను నాతో పంపుతుంది. "నీ మంచికే చెప్తున్న. నా మనవడు పుట్టే ఇల్లు గది" అంది. అందులో తప్పుపట్టడానికి ఏమీ కనిపించలేదు. అదే నాకు కష్టంగా ఉంది.

శనివారం ఆలేరులో రైలెక్కాను. నగరంలో రైలు మారి, పొద్దుగూకే వేళకు మహబూబ్‌నగర్ చేరాను. దారి పొడుగునా మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆచారం ఒకటి. ఊళ్ళో పేరు ఒకటి. మా ఇంటి వెనక గాలి బాగా వస్తుందన్నది ఇంకొకటి. ఏది ముందు తీయాలి, ఏది వెనక తీయాలి, ఎక్కడ అలిగి లేచినట్టు చేయాలి అన్నీ అనుకున్నాను. సంచిలో బిడ్డకు తీపి గర్జెలు, వియ్యపురాలికి మా దుకాణంలోకెల్లా మంచి చీర.

చీర తీసుకుంది. అంచు తిప్పి చూసి, బాగుందని కూడా అంది. టీ వచ్చింది. బిడ్డకు, ఆమెకు స్టీలు గ్లాసుల్లో. నాకు కాగితం కప్పులో. మా ఇంట్లో నేనే నా పళ్ళెం కిటికీలో పెట్టుకున్నదాన్ని, ఆమెను ఏమని అనగలను? అయినా ఆ టీ చల్లారేదాకా తాగబుద్ధి కాలేదు. మా బిడ్డ ఆ కప్పును చూసి, అత్తను చూసి, లేచి లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

పొద్దున లేచేసరికి పసరు వచ్చేసింది. పెద్దాయన తెల్లారకముందే ఎవరితోనో పంపాడట. వరండాలో పీట వేసి నన్ను కూర్చోబెట్టి, ఆకు మూతపెట్టిన గ్లాసు తెచ్చి ఎదురుగా పెట్టింది వియ్యపురాలు. మూత తీసి చూశాను. నా కంటికి నల్లగా కనిపించింది. ముదురు నీలమన్నా నమ్మేదాన్నే.

"సగం గ్లాసు తాగుత వదినా."

"గిది పాలా సగం తాగనీకి?"

"మల్లొచ్చే ఆదివారం రాను మరి. గీ ఒక్కసారే."

"మూడు ఆదివారాలు తాగాలె."

"ఒక్క ఆదివారం, సగం గ్లాసు. తొమ్మిదో నెల పడంగనె పిల్లను తోలుకపోత."

ఆమె ఆలోచించింది. "ఒక్క ఆదివారమే. గని గ్లాసు నిండుగ తాగాలె" అంది. కుదిరిందనుకున్నాను. డాక్టరమ్మ మాట గుర్తు రాలేదని కాదు. వచ్చింది. కాని డాక్టరమ్మ నల్లగొండలో ఉంది, పొట్ట మీద చేయి వేసుకుని గుమ్మంలో నిలబడ్డ నా బిడ్డ కళ్ళ ముందు ఉంది. ఒక్క గ్లాసే కదా, కాలేయం కూడా నాలాగే సర్దుకుపోతుందిలే అనుకుని చేయి చాపాను.

"అమ్మా" అంది నా బిడ్డ. "నువ్వు ఒక్క చుక్క తాగినా నేను రాను."

"తాగకుంటె నేను పంప" అంది వాళ్ళ అత్త.

"అత్తమ్మా, డాక్టరమ్మ వద్దన్నదంట. రోగమున్న లివర్ మీద గిది పోస్తె ఏమైతదో నీకు తెలుసా?"

"మా తాతల కాడికెల్లి తాగిండ్రే!"

"వాళ్ళ రోగం వేరే, అమ్మ రోగం వేరే."

తాగితే బిడ్డ రాదు. తాగకపోతే బిడ్డను పంపరు. ఇన్నేండ్లు గల్లాపెట్టె ముందు కూర్చున్నాను గాని, ఇలా రెండు దిక్కులా తలుపు పడ్డ బేరం ఎన్నడూ చూడలేదు. గ్లాసు మీద చేయి అలాగే పెట్టుకుని కూర్చున్నాను.

వియ్యపురాలు నా ఎదురుగా కింద కూర్చుంది. ఈసారి గొంతు తగ్గించింది.

"ఎందుకొదినా నీకు గంత పట్టు? ఈడ దవాఖాన దగ్గర, డాక్టర్లు దగ్గర. నీ మోత్కూర్ల కెల్లి ఏ దవాఖానకు పోవాల్నన్నా బండి గట్టుకోవాలె. నిజం జెప్పు."

రైల్లో సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఉన్నాయి. ఆచారం, పేరు, వెనకింటి గాలి. నోరు తెరిస్తే వాటిలో ఒక్కటీ రాలేదు. జీపు వచ్చింది. వెనక సీటు వచ్చింది. ఎవరో "బట్టలు మార్చనీకి గూడ లేదు, పోనియ్ పోనియ్" అని అరవడం వచ్చింది. అప్పుడు మా అమ్మ ఆలేరులో ఉంది. కాన్పు ముందే వచ్చేసరికి ఆమెకు కబురు అందలేదు. ఆ జీపులో నాకు ఒకటే అనిపించింది: అమ్మ వచ్చి తల మీద చేయి వేస్తే రక్తం ఆగుతుందని. మతిలేని మాటే. అమ్మ వచ్చేసరికి అంతా అయిపోయి, పరాయివాళ్ళ రక్తంతో నేను కళ్ళు తెరిచి ఉన్నాను. ఆమె ఆ తర్వాత బతికినన్నాళ్ళు ఆ రోజు మాట ఎత్తితే లేచిపోయేది.

ఇదంతా చెప్పాను. మా ఆయనకు కూడా ఇంతగా చెప్పలేదు. నా బిడ్డకు అసలే తెలియదు. అది గుమ్మం దగ్గర నుంచి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది.

"దాని కాన్పు నాడు నేను దాని కాడ ఉండాలె వదినా. మోత్కూర్ల గాకుంటె ఈడ. నువ్వు ఏడంటె ఆడ. వాకిట్ల చాప ఏసినా ఉంట. నాకు గదొక్కటే గావాలె. ఇయ్యనీకి నా కాడ ఇంకేం లేదు."

మా బాపు వింటే తల పట్టుకునేవాడు. నాకు కావలసింది ఏమిటో, ఎంత కావాలో, దాని కోసం ఎంత దూరం దిగుతానో మొత్తం ఎదుటివాళ్ళ ఒళ్ళో పోసేశాను. ఇంక నన్ను ఏమైనా చేయొచ్చు.

దొడ్లో గొర్రెపిల్ల ఒకటి అరుస్తూ ఉంది. వియ్యపురాలు భుజం మీది తువ్వాల తీసి, గ్లాసు మీద ఉన్న నా చేతి మీద కప్పింది. ఆ కింద చేయి పెట్టి నా వేళ్ళు పట్టుకుంది. చూపుడు వేలు, మధ్య వేలు కలిపి గట్టిగా ఒత్తి, నా ముఖంలోకి చూసింది. నాకు ఏమీ అర్థం కాలేదు. మళ్ళీ ఒత్తింది.

మా బిడ్డ ఏడుపు మధ్యలో ఫక్కుమని నవ్వింది. "బేరం అమ్మా. గొర్లు అమ్మేటప్పుడు గట్లనే తువ్వాల కింద వేళ్ళు వట్టి ధర జెప్పుకుంటరు. పక్కన నిలవడ్డోళ్ళకు తెల్వొద్దని."

"ఏందొదినా, బట్టల దుకాణపోళ్ళకు గిది రాదా?" అంది వియ్యపురాలు.

"మేము నోటితోనే ఆడుతం."

"గందుకే మీ ధర ఊరంత తెలుస్తది. రెండు వేళ్ళు వట్టిన, ఇను. ఒకటి, తొమ్మిదో నెల పడంగనె పిల్లతోని నేను గూడ వస్త, కాన్పయ్యేదాక ఆడనే ఉంట. రెండు, ఆ డాక్టరమ్మ కాడికి నన్ను తోలుకపోవాలె. పసరు సంగతి నేనే అడుగుత. ఆమె నా ముంగట వద్దంటె వద్దు. ఒప్పుకుంటె ఒత్తు."

ఒత్తాను. ఆమె వెంటనే చేయి తీయలేదు. తువ్వాల కింద అలాగే పట్టుకుని కూర్చుంది. కాగితం కప్పు సంగతి ఇద్దరం ఎత్తలేదు. ఆ పూట టీ మాత్రం ముగ్గురికీ స్టీలు గ్లాసుల్లోనే వచ్చింది. పసరును మా బిడ్డ తీసుకుపోయి మునగ చెట్టు మొదట్లో పోసింది. ఆ చెట్టుకు ఏమన్నా అవుతుందేమోనని అత్తాకోడండ్లిద్దరూ చెరో కారణంతో వారం రోజులు కనిపెట్టి చూశారట.

అన్న మాట ప్రకారం తొమ్మిదో నెల పడగానే దిగారు, మా బిడ్డ ఒక సంచితో, దాని అత్త నాలుగు సంచులతో. నెయ్యి గిన్నె, బాలింతకు పెట్టే కాయం చేయడానికి సరుకులు, తాను పడుకునే గొంగడి కూడా తెచ్చుకుంది. కూర్చుంటే తోచదని దుకాణంలోకి వచ్చి నా పక్కన కూర్చునేది. నేను ఒక గిరాకితో అరగంట గొంతు చించుకుని ఒక మాట మీదికి తెస్తే, పక్క నుంచి "నిన్న గిసోంటి చీరనే ఇంక తక్కువకు ఇచ్చినవు గదొదినా" అనేది. మా ఆయన ఆమె రాగానే లోపలికి పోవడం నేర్చుకున్నాడు.

స్కాన్‌కు రమ్మని ఫోన్ వచ్చిన రోజు నాతో నల్లగొండ వచ్చింది. కాలేయం గట్టిపడలేదని, గోలీలతో సరిపోతుందని డాక్టరమ్మ చెప్పగానే నేను బల్ల అంచు పట్టుకున్నాను. వియ్యపురాలు ఇదేమీ పట్టించుకోకుండా పసరు సంగతి తీసింది. మా గొర్రెలకు గిట్ల జేస్తం, గట్ల జేస్తం అని అంతా చెప్పింది. డాక్టరమ్మ ఓపికగా విన్నది.

"అమ్మా, ఈమె కాలేయం ఇప్పటికే ఒక రోగంతో కొట్లాడుతోంది. దాని నెత్తిన ఇంకో పని పెట్టొద్దు. ఆ పసరులో ఏముందో మీకూ తెలియదు, నాకూ తెలియదు."

"నీకు గూడ తెల్వదా?"

"తెలియదు. అందుకే వద్దంటున్న."

"గట్ల జెప్తె అయితది" అని లేచింది. తెలియదని ఒప్పుకున్న డాక్టర్‌ను ఆమె అదే మొదటిసారి చూసిందట. దారంతా మెచ్చుకుంది.

గోలీలు ఇంకా రాలేదు, వారం పది రోజుల్లో పిలుస్తామన్నారు. అవి తర్వాత వచ్చాయి, వేసుకున్నాను, మూడు నెలలు అయ్యాక చూస్తే వైరస్ లేదన్నారు, ఆ మీద ఇంకోసారి చూసినా లేదన్నారు. అందులో చెప్పుకోవడానికి కథేమీ లేదు. పొద్దున లేచి మింగడమే.

గోలీల కబురు కంటే ముందు నొప్పులు వచ్చాయి. పొద్దున పదిగంటలకు, దుకాణం తెరుస్తుండగా. బండి ముందే మాట్లాడి పెట్టుకున్నాం. నల్లగొండ దాకా మా బిడ్డ తల నా ఒళ్ళో, కాళ్ళు వాళ్ళ అత్త ఒళ్ళో. కాన్పు గది దగ్గర మమ్మల్ని ఆపేశారు. నేను తలుపు దగ్గరికి వచ్చిన ప్రతి నర్సునూ పట్టుకున్నాను.

"రక్తం అవసరమైతె ఉన్నదా బిడ్డా? పరీక్ష చేసిన రక్తమేనా?"

"అన్నీ చూసినంకనే ఎక్కిస్తరమ్మా. ఇప్పుడు పద్ధతి వేరే."

"అన్నీ అంటె? సి గూడనా?"

"సి గూడ. మీరు జర కూసోండ్రి."

కూర్చోలేదు. లోపల నుంచి "అమ్మా" అని నా బిడ్డ పిలిచింది. నొప్పికి అందరూ అనే అమ్మా అది, నన్ను పిలవడం కాకపోవచ్చు. నేను మాత్రం తలుపుకు నోరు ఆనించి "ఈడనే ఉన్న బిడ్డా!" అని అరిచాను. మళ్ళీ పిలిచింది. మళ్ళీ అరిచాను. కాసేపటికి నా గొంతు పోతే వియ్యపురాలు అందుకుంది. మందను కేకేసే గొంతు కదా, వరండా చివర కునుకు తీస్తున్న ఒక పెద్దమనిషి లేచి నిలబడ్డాడు.

పొద్దుగూకే వేళకు ఆడపిల్ల పుట్టింది. రక్తం ఎక్కించాల్సిన పని పడలేదని, తల్లి బాగానే ఉందని చెప్పిన నర్సు, లోపలికి ఒక్కరే రావాలంది. నేను వియ్యపురాలి వైపు చూశాను. ఒప్పందంలో ఈ సంగతి మేం మాట్లాడుకోలేదు. ఏమని అడగాలో, ఎక్కడ మొదలుపెట్టాలో అనుకునేలోపే ఆమె రెండు చేతులతో నా వీపు మీద ఒక్క తోపు తోసింది.

"సోంచాయిస్తవేందొదినా, పో!"

నా బిడ్డ ముఖం వాడిపోయి ఉంది, పెదవులు ఎండిపోయి ఉన్నాయి, కాని రంగు ఉంది. ఆ రంగును నా పొర కన్ను కూడా సరిగ్గానే చూసింది. తల మీద చేయి వేశాను. కళ్ళు తెరిచింది.

"గంతగనం ఒర్రుతరానే ఇద్దరు?" అంది. "నేను అమ్మా అన్నప్పుడల్లా లోపలున్న డాక్టరమ్మ గూడ ఈడనే ఉన్న, ఈడనే ఉన్న అనవట్టె."

పక్కన ఉన్న స్టూలు లాక్కుని, చేయి తీయకుండానే కూర్చున్నాను. బయట నుంచి తన వంతు ఎప్పుడని వియ్యపురాలు నర్సుతో బేరం మొదలుపెట్టింది. వినిపిస్తూనే ఉంది. ఇంకాసేపు వినిపించనట్టే ఉండిపోయాను.